రెస్ట్‌లెస్ లెగ్స్‌కి ఓపియాయిడ్ మందు: రాత్రి హాయిగా ఉంది, పగలే మత్తుగా ఉంటోంది. మీరెలా నెట్టుకొస్తున్నారు?

తెల్లారిపొద్దు (న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. నాకు 58 ఏళ్లు. కదలకుండా ఉంటే కాళ్లు గుంజి, కదపకుండా ఉండలేని ఈ రెస్ట్‌లెస్ లెగ్స్ బాధ మా అమ్మకీ ఉండేది. రాత్రిళ్లు గోడకి అరికాళ్లు ఆనించి నొక్కుకుంటూ పడుకునేది, మేమేమో నీరసం అనుకునేవాళ్లం. నాకు చాలా ఏళ్లు ప్రామిపెక్సోల్ (మెదడులో డోపమిన్ అనే రసాయనంలా పనిచేసే మాత్ర) మీద గడిచింది. మొదట్లో చిన్న మాత్రకే కాళ్లు శాంతించేవి. రానురాను రాత్రి రావాల్సిన బాధ సాయంత్రమే రావడం, తర్వాత మధ్యాహ్నం ఆఫీసు కుర్చీలోనే మొదలవడం, చేతులకి కూడా పాకడం. డోసు పెంచినకొద్దీ బాధా పెరిగింది. దీన్ని ఆగ్మెంటేషన్ అంటారని చెప్పి, నిద్ర డాక్టరు గారు ఆ మాత్ర మెల్లమెల్లగా మాన్పించి మెథడోన్ అనే ఓపియాయిడ్ (నల్లమందు జాతి నొప్పి మందు) మొదలుపెట్టారు. ఇప్పుడు రాత్రి పదింటికి మెథడోన్ 7.5 మి.గ్రా., దానితో పాటే నరాల మందు గాబాపెంటిన్ 600 మి.గ్రా. వేసుకుంటున్నాను.

రాత్రి విషయంలో ఈ మందుకి దణ్ణం పెట్టాలి. పడుకుంటే పడుకున్నట్టే ఉంటున్నాను. చిక్కంతా పగలే. పొద్దున పదకొండు దాకా తల దిమ్ముగా ఉంటుంది, మీటింగులో కళ్లు వాలిపోతాయి. నోరు పిడచగట్టుకుపోతోంది. చలికాలంలో కూడా మెడ వెనకాల చెమట. విరేచనం సంగతి ఇక చెప్పనక్కర్లేదు. అన్నిటికన్నా భయం, పొద్దున్నే హైవే మీద కారు నడపడం.

మందు మాననని ముందే చెప్తున్నా. పాత రాత్రుల్లోకి మళ్లీ వెళ్లలేను. ఇవే మందులు వాడేవాళ్లు పగలు ఎలా తట్టుకుంటున్నారో చెప్పండి.

మంజీర (సంగారెడ్డి)

అక్కా, మా ఆయనది ఇదే కథ. ఆయనకు ట్రమడాల్ ఇచ్చిన్రు, అదీ ఓపియాయిడ్ గోలీనే. కాళ్లు నెమ్మదించినయి గని మొదటి వారం ఒకటే వాంతులు. ఒకనాడు నీళ్లు తాగినా ఆగుతలేవని దగ్గర్ల ఉన్న నర్సింగ్ హోముకు తీస్కపోయినం. వాంతులు ఆగెతందుకు పెరినార్మ్ సూది ఇచ్చిన్రు. వాంతులు ఆగినయి. గని ఆ రాత్రి ఆయన పడ్డ గోస నేను మర్వలేను. మంచం మీద కూసోలేడు, నిలబడలేడు, వరండల గోడ పట్టుకోని అటు ఇటు నడుస్తనే ఉన్నడు. కాళ్లు నరుక్కుంటనన్నడు.

తెల్లారి మా న్యూరాలజిస్టు సార్‌కు ఫోన్ చేస్తే, రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్నోళ్లకు ఆ సూది ఇయ్యద్దమ్మా అన్నడు. అప్పటిసంది ఆయన పర్సుల ఒక కాగితం పెట్టిన, ఇయ్యకూడని మందుల పేర్లు రాసి. ఎవ్వరు ఏ గోలీ ఇచ్చినా ముందుగాల ఆ కాగితం చూపెడ్తం.

నిద్రడాక్టర్ (లెస్టర్)

మంజీర గారు చెప్పింది చాలా ముఖ్యమైన విషయం. ఇక్కడ అందరూ ఒకటికి రెండుసార్లు చదవాలి.

ఆర్ఎల్ఎస్‌లో (రెస్ట్‌లెస్ లెగ్స్‌కి పొట్టి పేరు) ఓపియాయిడ్ దుష్ప్రభావాలతో అసలు ప్రమాదం వాటికి అలవాటుగా ఇచ్చే విరుగుడు మందుల దగ్గరుంది. వాంతికి మెటోక్లోప్రమైడ్ (పెరినార్మ్), ప్రోక్లోర్‌పెరాజిన్ (స్టెమిటిల్), ప్రోమెథజిన్ (ఫెనెర్గాన్, అవొమిన్) ఇస్తారు. ఇవి మెదడులో డోపమిన్‌ని అడ్డుకుంటాయి. ఆర్ఎల్ఎస్ రోగికి అంతకన్నా శిక్ష లేదు. ఓపియాయిడ్ వల్ల ఒళ్లు దురద పెడితే ఇచ్చే పాతకాలం అలర్జీ మందులు, అంటే డైఫెన్‌హైడ్రమిన్, క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి, కాళ్లను రెచ్చగొడతాయి. అమెరికాలో ఉన్నవాళ్లు టైలినాల్ పీఎం, జెడ్‌క్విల్ డబ్బాల వెనక చదవండి, వాటిలో ఉండేది డైఫెన్‌హైడ్రమినే. ఇండియాలో జలుబు మాత్రల్లో ఎక్కువగా క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. మనసు బాగాలేదంటే రాసే అమిట్రిప్టిలిన్, మిర్టాజపిన్, చాలా ఎస్ఎస్ఆర్ఐలు (సెరటోనిన్‌ని పెంచే డిప్రెషన్ మందులు) కూడా చాలామందికి కాళ్ల బాధ పెంచుతాయి. ఈ గుంపులో బ్యుప్రోపియాన్ సాధారణంగా ఇబ్బంది పెట్టదు.

వాంతికి డోంపెరిడోన్, ఆన్‌డాన్‌సెట్రాన్ ఆర్ఎల్ఎస్ వరకూ ఫరవాలేదు. కానీ మెథడోన్ మీద ఉన్నవాళ్లు వాటిని సొంతంగా కొనుక్కుని వేసుకోవద్దు. మెథడోన్ ఈసీజీలో క్యూటీ అనే విరామాన్ని పొడిగిస్తుంది, ఇవీ అదే పని చేస్తాయి. రెండూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. యాంటీబయాటిక్ అజిత్రోమైసిన్, ఫంగస్ మందు ఫ్లుకొనజోల్ కూడా ఈ కోవలోవే.

తెల్లారిపొద్దు గారూ, మీకు మూడు ప్రశ్నలు. మెథడోన్ డోసు ఈమధ్య పెంచారా? గురక ఉందా? ఆఖరుసారి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే రక్తపరీక్ష) ఎప్పుడు చూశారు?

తెల్లారిపొద్దు (న్యూజెర్సీ)

డాక్టరు గారూ, సమాధానమిచ్చినందుకు చాలా థాంక్స్. 5 నుంచి 7.5కి పెంచింది క్రితం వారమే. గురక ఉందని మావారు ఎప్పటినుంచో అంటున్నారు. ఫెరిటిన్ చూసి ఏడాది దాటింది, అప్పుడు 60 చిల్లర ఉంటే నార్మల్ అన్నారు. మెథడోన్ మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ తీశారు, మళ్లీ తీయలేదు.

నిద్రడాక్టర్ (లెస్టర్)

అమ్మా, మీ డాక్టరు గారితో మాట్లాడేటప్పుడు పనికొస్తుందని రాస్తున్నాను. నేను మిమ్మల్ని చూడలేదు కాబట్టి డోసు మార్చమని చెప్పను.

మెథడోన్ చాలా నిదానంగా దిగే మందు. రక్తంలో సగానికి తగ్గడానికి సగటున ఒక రోజు పడుతుంది, మనిషిని బట్టి 8 గంటల నుంచి 59 గంటల దాకా ఉంటుంది. అందుకే నిన్నటి మందు పూర్తిగా పోకముందే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. డోసు పెంచాక ఒక స్థాయికి వచ్చి నిలబడటానికి అయిదు రోజులు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ వారంలో మత్తు ఎక్కువగా ఉండి తర్వాత తగ్గడం మామూలే. తగ్గకుండా ఇంకా పెరుగుతూ పోతే, నిద్రలో ఊపిరి నెమ్మదిస్తున్నట్టు అనిపిస్తే, అది ఆగి చూసే విషయం కాదు, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

వేళ కూడా చూసుకోవాలి. మెథడోన్ గరిష్ఠ స్థాయికి చేరేది వేసుకున్న రెండున్నర నుంచి నాలుగు గంటలకి. పదింటికి వేసుకుంటే అర్ధరాత్రి దాటాక. బాధ సాయంత్రం ఏడుకే మొదలయ్యేవాళ్లకి మందు ముందుకు జరిపితే రాత్రీ బాగుంటుంది, పొద్దున్నా తేలిగ్గా ఉంటుంది.

ఇక మీ గాబాపెంటిన్. ఉదయం దిమ్ములో దాని వాటా ఎంతో చూడకుండా నేరమంతా మెథడోన్ మీద వేయకూడదు. ఓపియాయిడ్‌తో గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ కలిస్తే శ్వాస మందగించవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లోనే హెచ్చరించింది, పెద్ద వయసువాళ్లకీ ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకీ మరీను. గురక ఉంది కాబట్టి నిద్ర పరీక్ష అడిగి చేయించుకోండి. ఓపియాయిడ్లు కొందరిలో స్లీప్ ఆప్నియాని (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) తెస్తాయి, ఉన్నదాన్ని పెంచుతాయి. పగటి మత్తుకి అసలు కారణం అదే అయితే మందులు ఎన్ని సర్దినా ఫలితం ఉండదు.

ఫెరిటిన్ 60 మామూలు మనిషికి నార్మలే, ఆర్ఎల్ఎస్ రోగికి కాదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025 మార్గదర్శకాల ప్రకారం ఫెరిటిన్ 75 లేదా అంతకన్నా తక్కువున్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (ఐరన్‌కి ఇంకో రక్తపరీక్ష) 20 శాతం లోపున్నా ఐరన్ మాత్రగానో నరం ద్వారానో ఇవ్వడం గురించి ఆలోచించాలి. 75 నుంచి 100 మధ్య ఉంటే నరం ద్వారా ఎక్కించడమే. రక్తం పొద్దున పూట ఇవ్వండి, దానికి ముందు 24 గంటలు ఐరన్ మాత్రలు వేసుకోవద్దు. ఐరన్ సరిపడా ఉంటే ఓపియాయిడ్ తక్కువ డోసుతోనే సరిపెట్టుకోగలిగేవాళ్లు ఉన్నారు.

ఈసీజీ మళ్లీ తీయించాల్సిందే. డోసు పెరిగింది కదా.

మాత్రలకొట్టు (గుంటూరు)

నేను ఫార్మసిస్టుని. తెల్లారిపొద్దు గారు విరేచనం సంగతి చెప్పనక్కర్లేదన్నారు కానీ దాని గురించే వివరంగా చెప్పాలండీ. ఓపియాయిడ్ వల్ల వచ్చే మత్తూ వికారమూ కొన్నాళ్లకి ఒంటికి అలవాటవుతాయి, మలబద్ధకం మాత్రం అలవాటవదు. మందు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. అందుకని బిగుసుకుపోయాక చూసుకుందాంలే అనుకోకూడదు, మొదటి రోజునుంచే ఏర్పాటు ఉండాలి.

మా కొట్టుకి వచ్చేవాళ్లు ముందు అడిగేది ఇసబ్గోల్. మామూలు మలబద్ధకానికి అది మంచిదే. ఇక్కడ పేగు కదలికే మందగించి ఉంటుంది. నీళ్లు సరిగా తాగకుండా పీచు మీద పీచు వేస్తే లోపల ఇంకా గట్టిపడుతుంది. ఈ మందులకి కావాల్సినవి రెండు: నీటిని పేగులోకి లాగేది (లాక్టులోజ్ గానీ పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి గానీ), పేగుని కదిలించేది (సెన్నా లేదా బిసకోడిల్). ఒకటి చాలకపోతే రెండూ కలిపి ఇస్తారు. మన పెద్దవాళ్లు వాడే సునాముఖి ఆకు సెన్నానే. కానీ కషాయంలో ఎంత మోతాదు పడిందో తెలియదు, మాత్రలో లెక్క ఉంటుంది. అందుకే రోజూ వాడాల్సినవాళ్లకి నేను మాత్రే చెప్తాను.

ఇవేవీ పనిచేయకపోతే ఓపియాయిడ్ ప్రభావాన్ని పేగు దగ్గర మాత్రమే అడ్డుకునే మందులున్నాయి, నలోక్సెగాల్ లాంటివి. అవి మెదడు దాకా పెద్దగా వెళ్లవు కాబట్టి కాళ్ల ఉపశమనం పోదు. డాక్టరుని అడగండి. కడుపు ఉబ్బి, గ్యాసు కూడా పోక, వాంతులు మొదలైతే మాత్రం మాత్రలు వేసుకుంటూ కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి.

ఐరన్ మాత్ర కూడా మలబద్ధకం తెస్తుంది. రోజూ పడనివాళ్లకి రోజు మార్చి రోజు ఇచ్చే పద్ధతి ఉంది. టీతో మాత్రం వేసుకోవద్దు, వంట పట్టదు.

కోనసీమకుర్రాడు (అట్లాంటా)

నా వయసు 36, వాడేది బ్యుప్రెనార్ఫిన్ అనే ఓపియాయిడ్, నాలుక కింద పెట్టుకునేది. నాది తెల్లారిపొద్దు గారి సమస్యకి తిరగబడ్డ రకం. కాళ్లు శాంతిస్తాయి, ఒళ్లంతా వదులవుతుంది, నిద్ర మాత్రం రాదు. మెదడులో లైటు వేసినట్టు తెల్లవార్లూ చురుగ్గా ఉంటుంది. మరి పగలు నిద్ర ముంచుకొస్తుంది. పగటి మత్తు మందుదే అనుకునేవాణ్ణి, డాక్టరు మాత్రం రాత్రి నిద్రపోకపోవడమే కారణమన్నారు. ఓపియాయిడ్లు కొందరిని ఇలా మేల్కొలుపుతాయట. డోసుని రెండుగా చేసి పెద్ద భాగం సాయంత్రానికి, చిన్నది పడుకునే ముందుకి మార్చారు. పడుకునేసరికి ఆ చురుకుదనం దిగిపోతోంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా. మగవాళ్లు పగటి నీరసాన్ని ఊరికే మత్తని కొట్టిపారేయకండి. ఓపియాయిడ్లు ఎక్కువకాలం వాడితే టెస్టోస్టిరాన్ తగ్గొచ్చు. కోరిక తగ్గడం, ఏ పని మీదా ధ్యాస లేకపోవడం, కండ సడలడం. పొద్దున పూట రక్తపరీక్షతో తేలిపోతుంది. నాకు తక్కువే వచ్చింది, ఇప్పుడు వైద్యం జరుగుతోంది. ఆడవాళ్లకి నెలసరి తప్పొచ్చట.

నాలుక కింద మాత్ర వాడేవాళ్లు పళ్లు చూసుకోండి. ఎఫ్‌డీఏ 2022లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. మాత్ర పూర్తిగా కరిగాక ఒక గుక్క నీళ్లు నోట్లో నెమ్మదిగా తిప్పి మింగేయాలి, కనీసం గంటదాకా బ్రష్ చేయకూడదు. నోరెండిపోతుందని రోజంతా చక్కెర బిళ్లలు చప్పరిస్తే పళ్లకి ఇంకా చేటు.

రాజమండ్రి మాస్టారు

నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. 71 ఏళ్లు. మూత్రపిండాల జబ్బు ఉంది, డయాలిసిస్ దాకా రాలేదు. నాకు ట్రమడాల్, గాబాపెంటిన్ రెండూ రాశారు. పగలు తూలుతున్నాను. మొన్న దొడ్లో కుళాయి దగ్గర పడిపోయాను, మా ఆవిడ పట్టుకోబట్టి తల పగలలేదు. వయసు వచ్చింది కదా అని ఇంట్లోవాళ్లు అంటున్నారు. డాక్టరు గారి అభిప్రాయం కావాలి.

నిద్రడాక్టర్ (లెస్టర్)

మాస్టారూ, ఇది వయసు కాదండీ. గాబాపెంటిన్‌ని శరీరం బయటికి పంపేది మూత్రపిండాల ద్వారానే, వేరే దారి లేదు. అవి మందగిస్తే మామూలు డోసు కూడా లోపల పేరుకుపోతుంది. ట్రమడాల్ కూడా అంతే, అది లివర్లో మారి తయారయ్యే పదార్థం మూత్రపిండాల గుండానే పోవాలి. రెండూ ఒకేసారి పేరుకుంటే తూలడం, తికమక, పడిపోవడం. ఇవాళే మీ కిడ్నీ డాక్టరుకి రెండు మందుల చీటీలూ, తాజా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టూ చూపించండి. డోసు వాళ్లు తగ్గిస్తారు. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. అప్పటిదాకా రాత్రి లేచేటప్పుడు ఎవరినైనా తోడు పిలవండి, స్నానాల గదిలో లైటు వేసే ఉంచండి.

ట్రమడాల్ గురించి ఇంకో మాట. ఆగ్మెంటేషన్ తెచ్చిన ఓపియాయిడ్‌గా దీని పేరే వినిపిస్తుంది. బాధ ముందుకు జరుగుతూ, పెరుగుతూ ఉంటే మందు మార్చే విషయం అడగండి. ఎస్ఎస్ఆర్ఐతో కలిపి వాడితే సెరటోనిన్ మోతాదు మించే ప్రమాదమూ ఉంది.

ప్రకృతిబాట

ఇవన్నీ మత్తుమందులు. మెథడోన్ డ్రగ్స్‌కి బానిసలైనవాళ్లకి ఇచ్చేది. వెంటనే ఆపేసి కాళ్లకి నువ్వులనూనె మర్దన చేయించుకోండి, మెగ్నీషియం తీసుకోండి. నా చుట్టాలావిడకి అలాగే తగ్గింది.

మంజీర (సంగారెడ్డి)

అన్నా, మర్దన మేం చెయ్యలేదనుకున్నవా? రాత్రి రెండింటికి లేచి కాళ్లు పిసికి పిసికి నా చేతులు కాయలు కాసినయి. కొంచెం కాళ్ల గుంజుడుకు మర్దన సరిపోవచ్చు, కాదనను. ఈడ ఉన్నోళ్ల బాధ అది దాటిపోయింది. వెంటనే ఆపెయ్యమని ఎవ్వరికీ చెప్పకు. మా ఆయనకు ఒకసారి దుకాణంల గోలీలు దొరకక రెండు రోజులు ఆగినయి. చెమటలు, ఆవులింతలు, కడుపునొప్పి, కాళ్లు మునుపటికంటె ఎక్కువ. 2018ల ట్రమడాల్‌ను ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కిందికి తెచ్చినసంది చీటీ లేకుండ ఇయ్యరు, చీటీ ఉన్నా అన్ని దుకాణాలల్ల దొరకది. నెల ఒడవకముందే తెచ్చి పెట్టుకుంట.

నిద్రడాక్టర్ (లెస్టర్)

మంజీర గారి మాటే నాది. హఠాత్తుగా ఆపితే విత్‌డ్రాయల్ వస్తుంది, దానిలో కాళ్లు విపరీతంగా రెచ్చిపోతాయి.

ప్రకృతిబాట గారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఓపియాయిడ్లతో ప్రాణాలు పోయిన కుటుంబాలు ఉన్నాయి. పాత వ్యసనం ఉన్నవాళ్లకీ, మద్యం వదలనివాళ్లకీ ఈ మందు మొదలుపెట్టే ముందు చాలా ఆలోచిస్తాం. కానీ మోతాదు తేడా చూడాలి. వ్యసన చికిత్సలో మెథడోన్ రోజుకి సాధారణంగా 60 నుంచి 120 మి.గ్రా. ఆర్ఎల్ఎస్‌లో చాలామందికి 20 దాటదు. బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్లు ఆర్ఎల్ఎస్‌కి ఓపియాయిడ్ వాడేవాళ్ల రిజిస్ట్రీ నడుపుతున్నారు. 2023లో వచ్చిన రెండేళ్ల ఫలితాల్లో ఎక్కువమందికి డోసు పెద్దగా పెరగలేదు. డోసు తక్కువే అయినా జాగ్రత్తలు జాగ్రత్తలే: మద్యం వద్దు, ఆల్‌ప్రజోలాం లాంటి నిద్రమాత్రలు కలపవద్దు, మాత్రలు తాళం వేసి ఉంచండి, ఇంట్లో నలోక్సోన్ (ఓపియాయిడ్ మోతాదు మించితే విరుగుడు) ముక్కు స్ప్రే పెట్టుకుని ఎలా వాడాలో ఇంట్లోవాళ్లకి చూపించండి. అమెరికాలో 2023 నుంచి చీటీ లేకుండానే అమ్ముతున్నారు.

కారు గురించి అడిగినదానికి ఎవరూ సమాధానం చెప్పలేదు. డోసు మొదలుపెట్టినప్పుడు, పెంచినప్పుడు, తల తేటగా ఉందని మీకు నమ్మకం కలిగేదాకా స్టీరింగ్ పట్టుకోవద్దు. డాక్టరు రాసిన మందే కదా అన్నది మత్తులో నడిపినవాళ్లకి చట్టం దగ్గర అక్కరకు రాదు, బ్రిటన్‌లోనైనా అమెరికాలోనైనా.

తెల్లారిపొద్దు (న్యూజెర్సీ)

ఆలస్యంగా రాస్తున్నా, క్షమించాలి. ఇక్కడ రాసినవన్నీ ఒక కాగితం మీద పెట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. మెథడోన్ రాత్రి ఏడున్నరకి జరిపారు, డోసు పెంచలేదు. గాబాపెంటిన్ సగం చేశారు. ఫెరిటిన్ 48 వచ్చింది, ఐరన్ నరానికి ఎక్కించారు. దాని ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. ఈసీజీ బాగానే ఉంది. నిద్ర పరీక్షలో ఆప్నియా బయటపడింది, నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపే సీపాప్ మెషీను వచ్చింది. ముక్కు మీద మాస్కు ఇంకా అలవాటు కాలేదు, ఎడమ చెంప మీద అచ్చు పడుతోంది.

పొద్దున దిమ్ము తొమ్మిదికల్లా వదులుతోంది. కొన్నాళ్లపాటు మధ్యాహ్నం నుంచి ఆఫీసుకి, పొద్దున ఇంటి నుంచి పని అడిగాను, ఒప్పుకున్నారు. సెన్నా, పొడి రెండూ వాడుతున్నాను, మాత్రలకొట్టు గారికి ప్రత్యేకంగా దణ్ణాలు. చెమట మాత్రం తగ్గలేదు, దానికి ఎవరి దగ్గరైనా ఉపాయం ఉందా? ఇంకోటి, సంక్రాంతికి దుబాయ్ మీదుగా హైదరాబాద్ వస్తున్నా. మాత్రలు ఎలా తేవాలి?

కోనసీమకుర్రాడు (అట్లాంటా)

చెమటకి నాకు పనికొచ్చింది కాటన్ బట్టలు, పక్కన ఫ్యాను, నీళ్లు. చెమట ఎప్పుడు పడుతోందో ఒక వారం రాసిపెట్టండి. తక్కువసేపు పనిచేసే ఓపియాయిడ్లు వాడేవాళ్లకి తర్వాతి డోసు ముందు చెమట పడితే మందు దిగిపోతోందని గుర్తు. మెథడోన్‌కి అలా కాకపోవచ్చు, డాక్టరుకి ఆ కాగితం చూపిస్తే వాళ్లకి అర్థమవుతుంది.

ప్రయాణానికి: ఫార్మసీ లేబులున్న అసలు సీసాలోనే పెట్టుకోండి, మాత్రల డబ్బాలోకి మార్చవద్దు. చేతి సంచిలోనే ఉండాలి. డాక్టరు ఉత్తరంలో జబ్బు పేరు, మందు పేరు, డోసు, ఎన్ని రోజులకో ఉండాలి. యూఏఈలో ఈ మందుల మీద చాలా కఠినంగా ఉంటారు, వాళ్ల ప్రభుత్వం నుంచి ముందస్తు అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకునే ఏర్పాటుంది. ఎయిర్‌పోర్టు దాటి బయటికి వెళ్లే ఆలోచన ఉంటే అది లేకుండా వెళ్లకండి. నేనైతే టికెట్టే వేరే దారిలో కొంటాను.

రాజమండ్రి మాస్టారు

డాక్టరు గారూ, గాబాపెంటిన్ బాగా తగ్గించారు, ట్రమడాల్ మెల్లగా మాన్పిస్తున్నారు. తూలడం పోయింది. కాళ్లు కొంచెం గుంజుతున్నాయి, దానికి వేరే మందు చూద్దామన్నారు. తెల్లారిపొద్దు అమ్మా, విమానంలో నడవ పక్క సీటు తీసుకో, లేచి తిరగడానికి వీలుగా ఉంటుంది.

మంజీర (సంగారెడ్డి)

అక్కా, వచ్చినప్పుడు జలుబు చేస్తే దుకాణంల ఏ గోలీ పడితే ఆ గోలీ వేస్కోకు. మా కాగితం ఫోటో తీసి నీకు పంపుతున్న, పర్సుల పెట్టుకో.